ఆకలి అనుకున్నాను

మా మెస్‌లో భోజనం టోకెన్ పసుపు రంగు, టిఫిన్ టోకెన్ గులాబీ. ఒక గులాబీ టోకెన్ వెనకాల బాల్‌పెన్నుతో "38 - ఉ. 6.50" అని రాసి ఉంటుంది. అది నా పర్సులో ఉంది. నా జబ్బు బయటపడింది ఆ టోకెన్ వల్లే. అసలు జబ్బుని వెతికిన లక్షల రూపాయల స్కానింగులన్నీ దాని తర్వాతే వచ్చాయి.

మాది కదిరి దగ్గర పల్లె. బెంగళూరు వచ్చి 16 ఏళ్ళయింది. మారతహళ్ళిలో చిన్న ఆంధ్ర మెస్ నడుపుతున్నాను. పొద్దున ఉగ్గాని, ఇడ్లీ, మధ్యాహ్నం ఫుల్ మీల్స్, ఆదివారం సంగటి, నాటుకోడి. చుట్టుపక్కల పీజీ హాస్టళ్ళ పిల్లలే మా గిరాకీ. నాలుగైదు వందల మందికి వండి పెట్టేవాణ్ణి నాకు ఆకలి జబ్బంటే ఎవరు నమ్ముతారు? ముందు నేనే నమ్మలేదు.

మొదలయింది మార్కెట్‌కి వెళ్ళే వేళ. రాత్రి 9కి తిని పడుకుంటే మూడున్నరకి లేచి, లగేజీ ఆటోలో అవుటర్ రింగ్ రోడ్డు పట్టుకుని సిల్క్ బోర్డు దాటి మడివాళ మార్కెట్‌కి పోవాలి. డిసెంబర్ చలిలో కూడా చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయేది. చేతులు వణికేవి. టమాటా బాక్సు రేటు మూడుసార్లు చెప్పించుకుని నాలుగోసారి మళ్ళీ అడిగేవాణ్ణి. ఒక్కోసారి మనుషులు ఇద్దరిద్దరుగా కనబడేవాళ్ళు. 16 ఏళ్ళుగా ఎరిగిన ఉల్లిగడ్డల సేటు మీద కారణం లేకుండా అరిచాను ఒకరోజు. ఆయన ఏమీ అనకుండా టీ తెప్పించి ఇచ్చాడు. రెండు చెంచాల చక్కెర టీ. పది నిమిషాల్లో మామూలు మనిషినైపోయాను. అరిచిన సంగతి నాకు గుర్తే లేదు, తర్వాత ఆయన చెబితే తెలిసింది.

అప్పటినుంచి అదే అలవాటయింది. ఒళ్ళు తేడాగా అనిపిస్తే ఒక టీ, ఒక బన్ను, ఇంత బెల్లం. తింటే తగ్గుతుంది కాబట్టి ఆకలే అనుకున్నాను. రెండేళ్ళలో 68 కిలోల వాణ్ణి 84కి వచ్చాను. "మెస్ ఓనర్ అంటే ఇట్లుండాల" అని ఊళ్ళో మెచ్చుకున్నారు కూడా. ఒకసారి తెల్లవారుజామున ఆటో కొంచెం అటూ ఇటూ పోనిచ్చానని ఒక కానిస్టేబుల్ ఆపి మిషన్‌లో ఊదమన్నాడు. సున్నా వచ్చింది. మిషన్ చెడిపోయిందేమో అని ఇంకోసారి ఊదించాడు. ఆయన్ని తప్పు పట్టను, నా మాట తీరు ఆ రోజు తాగినవాడి తీరే.

పక్క వీధి డాక్టర్ గ్యాస్ అన్నాడు, మాత్రలిచ్చాడు. గ్యాస్ మాత్ర వేసుకునేముందు ఏమైనా తినమంటారు కదా, తిన్నాక తగ్గేది, మాత్ర పని చేసిందనుకునేవాణ్ణి.

తర్వాత ఒకరోజు తెల్లవారుజామున 4 గంటలకి నిద్రలోనే ఫిట్స్ వచ్చాయి. మా ఆవిడ భయపడి చేతిలో తాళాలు పెట్టింది, పక్కింటివాళ్ళని లేపింది, ఆటోలో ఒక పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్ళారు. వెళ్ళగానే గ్లూకోజ్ సెలైన్ ఎక్కించారు. అరగంట తర్వాత రక్తం తీసి షుగర్ చూస్తే 126. షుగర్ బాగానే ఉంది, ఇది మెదడు సమస్య అన్నారు. ఈఈజీ, ఎమ్మారై అన్నీ చేసి, ఏమీ కనబడకపోయినా మూర్ఛ అని పేరు పెట్టి లెవిటిరాసెటామ్ మాత్రలు రాశారు. ఐదు నెలలు వాడాను. గ్లూకోజ్ ఎక్కించి ప్రాణం కాపాడిందీ వాళ్ళే, అదే గ్లూకోజ్‌తో అసలు సంగతి కడిగేసిందీ వాళ్ళే. ఎక్కించేముందు వేలికి ఒక్క సూది పొడిచి ఉంటే చాలు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు, ఇక్కడ మాత్రం మర్యాదగా రాస్తున్నాను.

టోకెన్ సంగతి ఇప్పుడు. రోజూ ఆరున్నరకే టిఫిన్‌కి వచ్చే పెద్దాయన ఒకరు ఉన్నారు. నెల్లూరు మనిషి, రిటైరై కొడుకు దగ్గర ఉంటున్నారు. పాతికేళ్ళ షుగర్ పేషెంట్, సంచిలో గ్లూకోమీటర్ పెట్టుకునే తిరుగుతారు. ఆ రోజు హెల్పర్ రాలేదు, నేను టీ కూడా తాగకుండా గల్లాలో కూర్చున్నాను. ఆయన 100 ఇస్తే చిల్లర 460 ఇచ్చానట. ఆయన నా మొహం చూసి, ఏమీ మాట్లాడకుండా మీటరు తీసి నా వేలు పట్టుకుని పొడిచారు. 38 వచ్చింది. మీటరు తప్పేమోనని తన వేలికీ పొడుచుకున్నారు, 141. అప్పుడు వంట మాస్టర్‌ని కేకేసి చక్కెర నీళ్ళు తాగించారు. నేను తేరుకున్నాక ఒక టోకెన్ వెనక్కి తిప్పి అంకె, టైము రాసి నా జేబులో పెట్టారు.

"బాబూ, నాకైతే ఇన్సులిన్ ఎక్కువ పడితే ఇట్లా అవుతుంది. నువ్వు ఇన్సులిన్ తీసుకోవు కదా. మరి నీకెందుకైంది? హార్మోన్ల డాక్టర్ దగ్గరికి పో. ఫిట్స్ డాక్టర్ దగ్గరికి కాదు."

ఎండోక్రైనాలజిస్ట్ అనే మాట పలకడం అప్పుడే నేర్చుకున్నాను. మేడమ్ కన్నడం మనిషి, నా కన్నడం బాగానే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేకపోయింది. టోకెన్ చూసి నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఫోటో తీసుకున్నారు. మూడు విషయాలు కలవాలట: తేడా చేసిన లక్షణాలు, అదే సమయంలో తక్కువ షుగర్ అంకె, చక్కెర ఇవ్వగానే తగ్గడం. అమెరికాలో విప్పిల్ అనే సర్జన్ 1930లలో చెప్పిన మాట ఇది, ఇప్పటికీ అదే కొలమానం. నా కథలో ఒకటీ మూడూ రెండేళ్ళుగా ఉన్నాయి. రెండోది మాత్రం ఆ టోకెన్ మీదే ఉంది.

తర్వాత మేడమ్ అడిగిన ప్రశ్న మా ఆవిడకి నచ్చలేదు. "ఇంట్లో ఎవరైనా షుగర్ మాత్రలు వాడతారా? పొరపాటున కలిసే అవకాశం ఉందా?" మా ఆవిడ మొహం ఎర్రబడింది. "నేనేమైనా పెడుతున్నానంటారా?" అంది తెలుగులో. అందరినీ అడుగుతారట, కొన్ని షుగర్ మాత్రలు సరిగ్గా ఇట్లాగే చేస్తాయి కాబట్టి రక్తంలో వాటి జాడ కూడా వెతుకుతారు. నాలుగు రోజులు నాకు కాఫీ కూడా మాస్టర్ చేతే పెట్టించింది, కోపంతో.

రోగం ఖాయం చేసే పరీక్ష ఏమిటంటే పస్తు. ఆసుపత్రిలో అడ్మిట్ చేసుకుని 72 గంటల వరకు తిండి పెట్టరు. నీళ్ళు తాగొచ్చు, చక్కెర లేని బ్లాక్ కాఫీ తాగొచ్చు. షుగర్ పడిపోయి లక్షణాలు వచ్చిన క్షణాన రక్తం తీసి ఆపేస్తారు. ఇన్సులినోమా, అంటే అదుపు లేకుండా ఇన్సులిన్ తయారుచేసే గడ్డ, ఉన్న చాలామందికి మొదటి 24 గంటల్లోనే తేలిపోతుందని చెప్పారు. మెస్ పెట్టాక నేను ఏకాదశి ఉపవాసం కూడా ఉన్నది లేదు.

రాత్రి 8కి చివరి భోజనం. 2 గంటలకి షుగర్ 71. నర్సు కేరళ అమ్మాయి, చేతికి సూది ఉంచేసి, మంచం పక్కన గ్లూకోజ్ ఇంజెక్షన్ రెడీగా పెట్టుకుని కూర్చుంది. పొద్దున 8కి 58. 60 కిందికి వచ్చాక గంటగంటకీ చూడడం మొదలుపెట్టారు. 9కి 52. 10కి 47. అప్పుడే మాస్టర్ ఫోన్ చేశాడు, సాంబారు మసాలా అయిపోయింది ఏం చేయాలని. నేను నిదానంగా, చాలా తెలివిగా చెప్పాననే అనుకున్నాను. తర్వాత వాడు చెప్పిందేమిటంటే, సాంబారులో రెండు కిలోల ఉప్పు వేసి, మా అమ్మని బస్సెక్కించమన్నానట. వాడు ఉప్పు వేయలేదు, దేవుడి దయ. 10.40కి 41. నా పేరు అడిగితే చెప్పాను, ఊరి పేరు అడిగితే నర్సు మొహం చూస్తూ ఉండిపోయాను. రక్తం నాలుగు ట్యూబుల్లో తీసి ఐసులో పెట్టి ల్యాబుకి పంపారు. తర్వాత షుగర్ పెంచే గ్లూకగాన్ 1 మిల్లీగ్రాము ఇంజెక్షన్ ఇచ్చి మళ్ళీ చూశారు, అరగంటలో 83కి ఎక్కింది. అప్పుడు ఉప్మా పెట్టారు. ఆసుపత్రి ఉప్మా అంత రుచిగా ఉంటుందని ఎవరికీ చెప్పను, నా వ్యాపారం పోతుంది.

రిపోర్టులో అర్థం చేసుకున్నంత చెబుతాను. షుగర్ 55 కిందికి పోయినప్పుడు ఒంట్లో ఇన్సులిన్ తయారీ దాదాపు ఆగిపోవాలి. ఇన్సులిన్ 3 దాటకూడదు, నాకు 22 ఉంది. సీ-పెప్టైడ్ 0.6 దాటకూడదు, నాకు 3.4. మన ఒళ్ళే ఇన్సులిన్ తయారు చేస్తే దాంతోపాటు ఈ సీ-పెప్టైడ్ అనే ముక్క కూడా బయటికి వస్తుంది. బయటినుంచి పొడిచిన ఇన్సులిన్‌లో ఇది ఉండదు. కాబట్టి ఇది లోపలి తయారీయే. పస్తున్నవాడికి కొవ్వు కరిగి కీటోన్లు పెరగాలి, నాకు పెరగలేదు, ఇన్సులిన్ కొవ్వుని కరగనివ్వదు కాబట్టి. షుగర్ మాత్రల జాడ లేదు. ఈ చివరి వాక్యం మా ఆవిడ రెండుసార్లు చదివించుకుంది.

మేడమ్ మాటలు నాకు మా వంటింటి భాషలో అర్థమయ్యాయి. క్లోమంలో, అంటే పాంక్రియాస్‌లో, ఇన్సులిన్ కణాలు పొయ్యిలాంటివి. షుగర్ తగ్గితే మంట తగ్గించాలి. ఇక్కడ ఒక గడ్డలో పిడి విరిగిపోయింది, మంట ఎప్పుడూ పెద్దదే. పది లక్షల మందిలో ఏడాదికి ఒకరికో, నలుగురికో వచ్చే జబ్బు. పదింట తొమ్మిది క్యాన్సర్ కాదు. ఇన్సులిన్ కనిపెట్టింది 1921లో. ఆ తర్వాత ఆరేళ్ళకి, 1927లో, ఇట్లాంటి గడ్డ ఉన్న మొదటి రోగి గురించి అమెరికా డాక్టర్లు రాశారట. ఆ రోగి స్వయంగా సర్జన్. 1929లో టొరంటోలో గడ్డ తీసి మొదటిసారి ఒక రోగిని పూర్తిగా బాగుచేశారు.

అక్కడితో అయిపోతే ఇంత రాసేవాణ్ణి కాను. రిపోర్టుల చివర్లో కాల్షియం 11.4 అని ఉంది. మామూలుగా పదిన్నర లోపే ఉండాలి. మేడమ్ పెన్ను దాని మీదే ఆగింది.

"మీకు గానీ, ఇంట్లో ఎవరికైనా గానీ కిడ్నీలో రాళ్ళు ఉన్నాయా?"

నవ్వొచ్చింది. మా ఊళ్ళో రాళ్ళు లేని ఇల్లేది? మా అమ్మకి 30 ఏళ్ళుగా వస్తూనే ఉన్నాయి, మూడుసార్లు తీయించాం. అనంతపురంలో ఎవరిని అడిగినా ఒకటే మాట, బోరు నీళ్ళు. మా నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఉన్న మాట నిజమే. అది అందరికీ తెలిసిన నిజం కాబట్టే, ఎవరూ మా అమ్మ కాల్షియం ఒక్కసారి కూడా చూడలేదు. అమ్మని బస్సెక్కించి పిలిపించాం, ఈసారి నిజంగానే. ఆమె కాల్షియం 11.9. మెడలో థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయి, పారాథైరాయిడ్. కాల్షియం పెత్తనం వాటిది. అమ్మకీ నాకూ అవి పెరిగి, ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలో పోస్తున్నాయి.

"ఇంకెవరైనా?" అంది మేడమ్. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఆలోచించింది. "మా పెద్దన్న. వానికి మూర్ఛలొస్తాండె. చెనిక్కాయ చేన్లోనే పడిపోయి పోయినాడు, 34 ఏండ్లకు. ఎప్పుడు జూసినా పంచె మడతలో బెల్లంగడ్డ పెట్టుకుంటాండె." గదిలో ఎవరూ మాట్లాడలేదు. మా మామకి ఏ జబ్బుండేదో ఇప్పుడెవరూ తేల్చలేరు. ఆ బెల్లంగడ్డ మాత్రం నాకు కళ్ళముందు కనబడుతూనే ఉంటుంది.

మెన్-1 అంటారు ఈ జబ్బుని. 1954లో వెర్మర్ అనే డాక్టర్ ఒకే కుటుంబంలో గుర్తించి రాశారు. ముప్పై వేల మందిలో ఒకరికి ఉంటుందని ఒక లెక్క. పారాథైరాయిడ్, పాంక్రియాస్, తలలో పిట్యూటరీ, ఈ మూడు చోట్లా గడ్డలు రావచ్చు, ఒకరికి ఒకటి, ఇంకొకరికి రెండు. 11వ క్రోమోజోమ్ మీద మెనిన్ అనే ప్రోటీన్ తయారు చేసే జీన్ ఒకటుంది. దాన్ని కనిపెట్టింది 1997లో, మా మామ పోయిన చాలా ఏళ్ళకి. మెనిన్ గడ్డలు పెరగకుండా ఆపుతుంది. ఆ జీన్‌లో తప్పుంటే ఆపేవాడు లేడు.

ఊళ్ళో తెలిసిపోయింది. మా అమ్మానాన్నలది మేనరికం, కాబట్టి తీర్పు వెంటనే వచ్చేసింది. "వద్దంటే ఇన్నారా, మేనరికం చేస్తే ఇంతే." జెనెటిక్ కౌన్సిలర్ని ఇదే అడిగాను. కొన్ని జబ్బులకి తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండు తప్పు కాపీలు కలవాలి, మేనరికంలో భయం వాటికి. ఇది అట్లాంటిది కాదు. ఒక్క తప్పు కాపీ చాలు. అమ్మ చేసుకున్నది మేనమామనైనా, ముక్కూ మొహం తెలియని వాడినైనా, ప్రతి బిడ్డకీ సగం అవకాశం, బొమ్మా బొరుసూ లెక్క. అమ్మకి ఈ మాట మూడుసార్లు చెప్పించాను. నలభై ఏళ్ళ పెళ్ళి మీద నింద పడకూడదు కదా.

మెన్-1 అని తేలాక గడ్డ వెతకడమే కష్టమైంది. మామూలుగా ఇన్సులినోమా ఒక్కటే ఉంటుంది, చిన్నది, ఎక్కువగా రెండు సెంటీమీటర్ల లోపు. మెన్-1 వాళ్ళకి అట్లా కాదు. సీటీలో పాంక్రియాస్ తోకవైపు 1.6 సెంటీమీటర్ల గడ్డ ఒకటి, మధ్యలో 0.8 ఒకటి కనబడ్డాయి. గొంతులోంచి గొట్టం వేసి కడుపు లోపలినుంచి చేసే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లో తలవైపు ఇంకోటి, 0.5. మూడున్నాయి సరే, దొంగ ఎవడు? కొన్ని గడ్డలు ఏ హార్మోనూ వదలకుండా ఊరికే కూర్చుంటాయట. అన్నీ తీసేస్తే పాంక్రియాస్ మొత్తం పోయి నేను జీవితాంతం ఇన్సులిన్ పొడుచుకోవాలి.

దానికో స్కాన్ ఉంది, ఎక్సెండిన్ పెట్ సీటీ. అన్ని చోట్లా దొరకదు, వేరే ఊరు పోవాల్సి వచ్చింది. ఎక్సెండిన్ అనే పదార్థం ఇన్సులిన్ కణాలకి పోయి అతుక్కుంటుంది, దానికి రేడియోధార్మిక గాలియం తగిలించి ఎక్కిస్తే దొంగ గడ్డ వెలుగుతుంది. ఎక్కించాక షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి పక్కన గ్లూకోజ్ డ్రిప్ సిద్ధంగా పెట్టారు. ఈ ఎక్సెండిన్‌ని మొదట కనుక్కున్నది గిలా మాన్‌స్టర్ అనే అమెరికా ఎడారి బల్లి విషంలో. ఈ సంగతి మా ఆవిడకి చెప్పకుండా ఉండాల్సింది. ఇంట్లో బల్లి మీద పడితేనే తలస్నానం చేయించి శాంతి చేయించే మనిషి. ఇంటికి రాగానే గడప బయటే నిలబెట్టి నెత్తిన నీళ్ళు పోసింది.

తోకలోదే వెలిగింది. దాని పక్కన చిన్న చుక్క కూడా. తలవైపుది చీకటిగానే ఉంది.

ఆపరేషన్ తేదీ వచ్చేలోపు ఏడు వారాలు. ఆ ఏడు వారాలు డయాజాక్సైడ్ అనే మందు మీద నడిచాను. ఇన్సులిన్ విడుదలని అది తొక్కిపెడుతుంది. మందుల షాపులన్నీ తిరిగితే గానీ దొరకలేదు. కాళ్ళు వాచాయి, చెవుల మీద, భుజాల మీద వెంట్రుకలు మొలిచాయి. రాత్రి పడుకునేముందు పచ్చి కార్న్‌ఫ్లోర్ మజ్జిగలో కలుపుకుని తాగమన్నారు, అది నెమ్మదిగా అరిగి తెల్లారేదాకా చక్కెర ఇస్తూ ఉంటుంది. ఉడికిస్తే ఆ గుణం పోతుంది. గోబీ మంచూరియా కోసం బస్తాలకొద్దీ తెచ్చే పిండి, నాకు మందయింది. అయినా మూడు గంటలకి అలారం పెట్టుకుని మా ఆవిడ నా వేలు పొడిచేది. ఆ ఏడు వారాలు ఆమె సరిగ్గా నిద్రపోలేదు. మార్కెట్‌కి మాస్టర్ వెళ్ళాడు, ఆటో తాళాలు నా చేతికి ఇవ్వలేదు.

డబ్బుల సంగతి ఒక్క ముక్కలో: ఇన్సూరెన్స్ సగం ఇచ్చింది, మిగతాదానికి చీటీ ముందే పాడుకున్నాను, బాగా నష్టానికి.

సర్జన్ ముందే చెప్పాడు. తోక, మధ్యభాగం తీసేస్తాం, ప్లీహం కాపాడడానికి చూస్తాం, కుదరకపోతే అదీ పోతుంది. అందుకే రెండు వారాల ముందే న్యుమోకోకల్, మెనింజైటిస్ టీకాలు వేశారు, ప్లీహం లేనివాళ్ళకి ఆ ఇన్‌ఫెక్షన్లు ప్రమాదం. తలవైపు చిన్నదాన్ని ముట్టుకోకుండా ఏటా స్కాన్‌లో చూస్తూ ఉంటాం. మీ పాంక్రియాస్‌లో మళ్ళీ కొత్తది పుట్టదని మాత్రం నేను రాసివ్వలేను. ఈ చివరి మాట అన్నందుకే ఆయన మీద నమ్మకం కలిగింది నాకు.

ఐదు గంటలు పట్టింది. లోపల పాంక్రియాస్ మీదే అల్ట్రాసౌండ్ పెట్టి వెతికారట, పావుగంటకోసారి షుగర్ చూస్తూ. గడ్డ బయటికి వచ్చిన కాసేపటికి షుగర్ దానంతటదే ఎక్కడం మొదలుపెట్టింది. ఐసీయూలో కళ్ళు తెరిచేసరికి నర్సు "షుగర్ 218" అంటోంది. మా ఆవిడ ఆ అంకె వినగానే ఫోన్ తీసి నెల్లూరు పెద్దాయనకి చేసింది. "అంకుల్, మీకంటే ఎక్కువొచ్చింది!" అని ఏడుస్తూ నవ్వుతోంది. రెండేళ్ళుగా అణిగి ఉన్న మంచి కణాలు మేలుకోవడానికి కొన్నాళ్ళు పడుతుంది, అప్పటిదాకా షుగర్ ఎక్కువే ఉంటుంది. నాకు 12 రోజుల్లో సర్దుకుంది.

ప్లీహం మిగిలింది. కానీ కోసినచోట పాంక్రియాస్ రసం కారింది. మూడో రోజు డ్రెయిన్ గొట్టం నీటిలో ఆ రసంలో ఉండే అమైలేజ్ చాలా ఎక్కువుందన్నారు. ఈ ఆపరేషన్లో తరచూ అయ్యేదేనట. కడుపుకి వేలాడే ఆ ప్లాస్టిక్ సంచితోనే ఇంటికి వచ్చాను, 23 రోజులు. ఎవరూ ముందుగా చెప్పనిది ఇదే: గడ్డ తీయడం కంటే ఆ సంచితో బతకడం చిరాకు. లుంగీ తప్ప ఏదీ కట్టుకోలేం, పక్కకి తిరిగి పడుకోలేం, రోజూ ఎన్ని మిల్లీలీటర్లో రాయాలి. మెస్ లెక్కల పుస్తకంలోనే రాశాను. పాల లెక్క పక్కన డ్రెయిన్ లెక్క.

బయాప్సీలో గడ్డ క్యాన్సర్ లక్షణాలు లేనిదే, గ్రేడ్ 1. తీసిన ముక్కలో కంటికి కనబడని చిన్న చిన్నవి ఇంకా చాలా ఉన్నాయి. మెన్-1లో అట్లాగే ఉంటుందట. ఆరు నెలలకి మెడ ఆపరేషన్ అయింది, నాలుగు గ్రంథుల్లో మూడున్నర తీసేశారు. వారం రోజులు పెదవులు, వేళ్ళ చివర్లు చీమలు పాకినట్టు తిమ్మిరి, కాల్షియం మాత్రలు చప్పరించడం. మొదటిదాంతో పోలిస్తే అది పెళ్ళిలో టిఫిన్ లాంటిది. తలలో పిట్యూటరీ ఎమ్మారై బాగుంది. అమ్మకీ మెడ ఆపరేషన్ చేయించాం. "ముప్పై ఏండ్ల నుంచి నా ఒళ్ళు నొప్పులు ముసలితనమనుకుంటినే" అంది. ముప్పై ఏళ్ళ కింద ఆమె వయసు 31.

పిల్లల పరీక్ష సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. అమ్మాయికి 11, అబ్బాయికి 7. చిన్నప్పుడే పరీక్ష చేయించుకోవచ్చు, ఉన్నవాళ్ళకి ఐదేళ్ళ వయసునుంచే షుగర్ మీద కన్నేసి ఉంచమంటారు. మా ఆవిడ నాలుగు నెలలు ఒప్పుకోలేదు. తెలిస్తే పెళ్ళెవరు చేసుకుంటారని ఒకసారి, తెలియకపోతే నీలాగా ఫిట్స్ వస్తే ఎట్లా అని ఒకసారి, ఒకే రాత్రి రెండూ అనేది. చివరికి చేయించాం. అబ్బాయికి లేదు. అమ్మాయికి ఉంది.

ప్రస్తుతానికి రక్తం అన్నీ మామూలే. ఏడాదికోసారి షుగర్, ఇన్సులిన్, కాల్షియం, పిట్యూటరీ హార్మోన్ ప్రోలాక్టిన్ చూపిస్తాం. స్కూలు టీచర్‌కి ఒక కాగితం ఇచ్చాం. అమ్మాయికి ఎంతవరకు చెప్పాలో తెలియక, నాన్నకి వచ్చింది నీకూ రావచ్చు, రాకపోవచ్చు, ముందే చూస్తే తేలిగ్గా తీసేస్తారు అని చెప్పాను. కాసేపు ఆలోచించి అడిగింది: "మరి నాకు మామూలు ఆకలి వేస్తే కూడా చెప్పాలా నాన్నా?" మెస్‌లో పనివాళ్ళందరూ నా వైపు చూశారు. "అన్నం తిన్న గంటకే, చెమటలు పడితే, చెప్పు" అన్నాను. సరైన జవాబో కాదో, ఆ పూటకి తోచింది అదే.

ఇప్పుడు నేను మళ్ళీ మడివాళ పోతున్నాను, ఖాళీ కడుపుతోనే. 14 కిలోలు తగ్గాను. ఉల్లిగడ్డల సేటు అలవాటు కొద్దీ ఇప్పటికీ టీ తెప్పిస్తాడు, చక్కెర ఒక చెంచాకి తగ్గించాడు.

మిగిలింది మా తమ్ముడు. కదిరిలో ఎరువుల షాపు, 35 ఏళ్ళు. వాడికీ సగం అవకాశం. ఏడాదిగా చెబుతున్నాను రక్తపరీక్ష చేయించుకోరా అని. "నాకేముందన్నా, దిట్టంగా ఉన్నా" అంటాడు. పోయిన నెల బస్సు పార్సిల్‌లో ఒక గ్లూకోమీటర్ పంపాను. నాలుగు రోజులకి తెల్లారుజామున తీసిన ఫోటో పంపాడు, 94. కింద "చూసినావా" అని రాశాడు. సంతోషమే. వెంటనే ఫోన్ చేశాను.

"షుగర్ సరేరా. కాల్షియం చూపించుకో ఒకసారి. పోయినేడు నీకు రాయి పడింది కదా?"

"ఆ, పడింది. అందరికీ పడేదేలే అన్నా, మన నీళ్ళు అట్లాటివి."